ముడుల మామ్మ

“మళ్ళీ ముడే!”

పాప తల్లి ఆ కవర్‌ని పళ్ళతో లాగబోయి, ఎవరెవరి చేతులు తగిలాయో ఏమోనని ఆగిపోయింది.

సూపర్‌మార్కెట్ వాళ్ళు ప్లాస్టిక్ వాడకం తగ్గాలని కవర్ల ధర మళ్ళీ పెంచారు. సంచి మరిచిపోయి వచ్చేవాళ్ళ కోసం గుమ్మం పక్కన ఒక బుట్ట పెట్టారు. ఇళ్ళలో మిగిలిన పాత కవర్లు ఎవరైనా అందులో వేయొచ్చు, కావలసినవాళ్ళు ఊరికే తీసుకోవచ్చు.

తీసుకుని ఏం లాభం? ఒక్కటీ తెరుచుకోదు. ప్రతిదాన్నీ తాడులా మెలిపెట్టి, నడుమ బిగించి ముడి వేసి ఉంటుంది.

వేసేది బుట్ట పక్కన బల్ల మీద కూర్చునే ముసలావిడ. అందరూ ఆమెను ముడుల మామ్మ అంటారు.

“ఏం మామ్మగారూ, వేరే పనేం లేదా మీకు?”

“ఓపిక పడితే పెద్దవాళ్ళ చేతికి వస్తుందమ్మా.”

“ఓపికా? పిల్లని చంకనేసుకుని ముడులు విప్పుతూ కూర్చోనా? పోనీ ఈ ఉల్లిపాయల్ని ముడి మీద కూర్చోబెట్టనా?”

బిల్లు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కౌంటర్ దగ్గరి అమ్మాయి మాత్రం తలెత్తలేదు.

మామ్మ కళ్ళు ట్రాలీలో కూర్చున్న పాప మీదే ఉన్నాయి.

“పాకుతోందా?”

“ఆ.”

“అందిందల్లా లాగుతోందా?”

పాప తల్లి ట్రాలీని తన దగ్గరికి లాక్కుంది. ముక్కూ మొహం తెలియని మనిషికి ఇన్ని ఆరాలెందుకు?

ఆమెకు భయం కొత్త కాదు. పొయ్యంటే భయం, ప్లగ్గులంటే భయం, మెట్లంటే భయం. నీళ్ళ బకెట్, చొక్కా గుండీ, పక్కింటి కుక్క... పాపకు హాని చేయని వస్తువంటూ ఇంట్లో ఒక్కటీ లేదని ఆమె నమ్మకం. ఆ వరసలోకి ఇప్పుడు ముడుల మామ్మ కూడా చేరింది.

ట్రాలీలో ఎవరో వదిలేసిన కవర్ ఒకటి పాపకు దొరికింది. గలగలలాడిస్తూ నవ్వుతోంది.

మామ్మ గబుక్కున లేచి, చెయ్యి చాపి, దాన్ని లాగేసింది.

పాప కెవ్వుమంది.

“నా పిల్ల మీద చెయ్యేస్తావా!” పాప తల్లి అరుపుకి షాపంతా ఆగిపోయింది. “ఎన్నో నెల, పాకుతోందా అని అడిగినప్పుడే అనుకున్నాను. పిల్లల్ని ఎత్తుకుపోయేది ఇలాంటివాళ్ళే!”

ఎన్నో నెల అని మామ్మ అడగలేదు. అడగలేదని ఎవరూ చెప్పనూ లేదు.

మేనేజర్ పరుగున వచ్చాడు. “మామ్మగారూ, ఇన్నాళ్ళూ ఊరుకున్నాం. ఇక మీరు ఇటు రావద్దు.”

మామ్మ పాప దగ్గర లాక్కున్న కవర్‌ని నిలబడే మెలిపెట్టింది, ముడి వేసింది, బుట్టలో పడేసి వెళ్ళిపోయింది.

పాప తల్లి తన సామాను పాపను తోసుకెళ్ళే బండి అడుగున సర్దుకుంది. పనిలో పనిగా బుట్టలోంచి గుప్పెడు కవర్లు కూడా తీసుకుంది. ఊరికే వచ్చేవి, ఇంటికెళ్ళి నిదానంగా విప్పుకోవచ్చు.

ఇంటికొచ్చాక పాపను ముందుగదిలో కూర్చోబెట్టి, వంటింటి గుమ్మానికి కుర్చీ అడ్డం పెట్టింది. కవర్లు ఆ గదిలోనే చాప మీద పడేసింది. పొయ్యి వెలిగించింది.

పాప ఊకొడుతోంది. నవ్వుతోంది.

ఉన్నట్టుండి చప్పుడు లేదు.

గరిటె చేతిలో ఉండగానే కుర్చీ తోసుకుని పరిగెత్తింది.

పాప ఒక కవర్‌ని రెండు చేతులా పట్టుకుని నెత్తి మీంచి మొహం మీదికి లాక్కుంటోంది. ముడి ఊడదు, మూతి తెరుచుకోదు. బలమంతా పెట్టి బుగ్గలు ఎర్రబడ్డాయి. కవర్ మాత్రం రిబ్బన్ పువ్వులా నడినెత్తిన కూర్చుంది.

“టోపీనా నా తల్లీ?” నవ్వొచ్చింది ఆమెకు.

ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ముడి లేకపోతే?

గరిటె జారి కింద పడింది. పాపను గుండెకు కరుచుకుని అక్కడే కూలబడింది. నిన్నటిదాకా తాను భయపడ్డవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాటిలో కవర్ లేదు. పొయ్యి మీద కూర మాడి వాసనొచ్చినా లేవలేదు.

మర్నాడు షాపు తెరవగానే వెళ్ళింది. బల్ల ఖాళీగా ఉంది. మామ్మ వెళ్ళాక బుట్టలో పడ్డ కవర్లన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

“మామ్మగారు రాలేదా?” అని కౌంటర్ దగ్గరి అమ్మాయిని అడిగింది.

“రావద్దన్నారు కదండీ.”

“ఇల్లెక్కడో చెప్పమ్మా. వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను.”

“ఇంట్లో ఊరికే కూర్చుంటే ఆవిడ చేతులు ఊరుకోవండీ. పొద్దున్నే మా పిన్ని వాళ్ళ ఊరికి బస్సెక్కించాను. ఇక అక్కడే ఉంటానంది.”

“నువ్వు ఎక్కించావా?”

“మా అమ్మండీ.”

పాప తల్లి ఖాళీ బల్ల వైపు చూసింది. “మరి నిన్న నేనంతేసి మాటలంటుంటే నోరు విప్పలేదేమమ్మా?”

“ఉద్యోగం కదండీ.” ఆ అమ్మాయి కళ్ళు దించుకుంది. “నాకంటే ముందు ఒక అక్క ఉండేదట. అమ్మకి మీలాగే అన్నిటికీ భయమట. పొయ్యి దగ్గరికి రాకుండా వంటింటి గుమ్మానికి కుర్చీ అడ్డం పెట్టి, అక్క ఏడవకుండా ఆడుకోమని చేతికి ఒక ఖాళీ కవర్ ఇచ్చిందట.”