పలకకపోతే వెళ్ళే మనిషి

"కంప్యూటర్ ఊరికే వచ్చింది. సాఫ్ట్‌వేరూ ఊరికే వచ్చింది. మరి కాగితం నిండా ఇన్ని ఖర్చులేంటమ్మా?"

పెద్దాయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఎదురుగా కూర్చున్న నిర్వాహకురాలి వైపు చూశాడు. విరాళాలిచ్చే ట్రస్టు తరఫున దరఖాస్తులు పరిశీలించేది ఆయనే. చిన్న సంస్థలవాళ్ళు చాటుగా 'కత్తెర సారు' అంటారు. ఆయన చేతిలో పడ్డ బడ్జెట్ సగమై బయటికొస్తుందని పేరు.

ఆమె ఒకప్పుడు నర్సు. ఒంటరిగా ఉండే వయసు మళ్ళినవాళ్ళ కోసం ఐదేళ్ళుగా ఈ సంస్థ నడుపుతోంది. ఆఫీసంటే ఇస్త్రీ దుకాణం మీద ఒకే ఒక్క గది. మొదట్లో రోజూ పొద్దున తనే అందరికీ ఫోన్ చేసి బాగోగులు అడిగేది. వాళ్ళ సంఖ్య నూట నలభై దాటేసరికి గొంతు పోయింది. ఏడాది కిందట ఒక కంపెనీ ఈ ఏర్పాటు ఉచితంగా చేసిపెట్టింది. తొమ్మిదింటికి కంప్యూటరే అందరికీ ఫోన్ చేస్తుంది. క్షేమంగా ఉన్నవాళ్ళు ఒకటి నొక్కుతారు. మూడుసార్లు చేసినా ఎత్తకపోతే తెర మీద ఆ పేరు ఎర్రబడుతుంది.

"ఊరికే వచ్చింది మొదటి ఏడాదికే సార్. వచ్చే నెల నుంచి సాఫ్ట్‌వేర్‌కి చందా కట్టాలి. ఫోన్ లైన్లు, కరెంటు పోతే బ్యాటరీ, రిపేర్లు, అన్నీ మా నెత్తినే. మొన్న బ్యాటరీ చచ్చిపోతే రెండు రోజులు మళ్ళీ నేనే కూర్చుని అందరికీ చేశాను."

"ఈ శిక్షణ ఏంటి?"

"యంత్రం గొంతు వినగానే కొందరు భయపడి పెట్టేస్తారు సార్. ఒక బామ్మగారైతే 'ఎవరమ్మా నువ్వు, తిన్నావా?' అని దాన్నే అడిగేది. ఇంటికెళ్ళి పక్కన కూర్చుని నేర్పాలి."

పెద్దాయన నవ్వలేదు. పెన్ను ఇంకో వరుస కిందికి జరిగింది.

"ఇదుగో, అసలైంది ఇక్కడుంది. 'పలకకపోతే వెళ్ళే మనిషి, ఇద్దరికి జీతం.' మా ట్రస్టు ఇచ్చేది టెక్నాలజీకి. ఇవి జీతాలు. ఇదొక్కటి కొట్టేస్తే మిగతాదంతా మంజూరు చేయిస్తాను."

"అది కొట్టేసేట్టయితే మిగతాదేదీ వద్దు సార్."

అన్నాక, అంత మాట ఎలా వచ్చిందా అని ఆమే బిత్తరపోయింది. సర్దిచెప్పబోయేలోగా కంప్యూటర్ టింగుమంది. తెర మీద ఒక పేరు ఎర్రబడింది. పాటల టీచరమ్మ.

ఆమె వెంటనే తన ఫోన్ తీసి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఇంకో నంబరు కలిపింది.

"బాబాయ్, టీచరమ్మ ఎత్తట్లేదు."

"చేతిలో తలుపు సగంలో ఉందమ్మా. గంటలో బిగించాలి." అవతల వడ్రంగి గొంతు, వెనకాల రంపం చప్పుడు.

"బాబాయ్..."

"సరే సరే, పోతున్నా."

రంపం ఆగిపోయింది. ఇన్నాళ్ళూ పైసా తీసుకోకుండా వెళ్తున్నది ఆయనే.

"కూరగాయలకి వెళ్ళారేమో?" అన్నాడు పెద్దాయన.

"అయ్యుండొచ్చు సార్. పదిసార్లలో తొమ్మిదిసార్లు అంతే. వెళ్ళి చూస్తేగాని ఇది పదోదో కాదో తెలీదు."

ఇద్దరూ ఫోన్ వంక చూస్తూ కూర్చున్నారు. కింద ఇస్త్రీ పెట్టె దడదడమని బల్లకి తగులుతోంది. పావుగంటకి ఫోన్ మోగింది.

"వంటింట్లో పడిపోయిందమ్మా! రాత్రి నుంచీ అలాగే ఉందంట. మాట ఉంది, కాలు కదపలేకపోతోంది. అంబులెన్స్‌కి చేశా. నీళ్ళడుగుతోంది, పట్టనా?"

"వద్దు బాబాయ్, పెదాలు తడుపు చాలు. కదపొద్దు. దుప్పటి కప్పి పక్కనే కూర్చో. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడాలి?"

"పాడమని అడుగు. తిడుతుంది. తిట్టనీ."

అంబులెన్స్ వచ్చిందని కబురందేదాకా ఆమె నిలబడే ఉంది. ఆ తర్వాత కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం తుడుచుకుంది.

పెద్దాయన కాగితం పక్కకి జరిపాడు.

"మూడో అంతస్తులో ఉంటే? లిఫ్టు లేకపోతే?"

"ఎక్కుతారు సార్."

"లోపల గడియ వేసుకుంటే?"

"వెయ్యొద్దని ముందే మాట తీసుకుంటాం. ఒక తాళంచెవి పక్కింట్లో పెట్టిస్తాం."

"పక్కింటివాళ్ళతో మాటల్లేని మొండిమనిషైతే?"

ఆమెకి ఒళ్ళు మండింది. కళ్ళెదుటే ఇంత జరిగాక కూడా కొట్టెయ్యడానికి సాకులే వెతుకుతున్నాడు.

"అలాంటివాళ్ళ తాళంచెవులు మా దగ్గరే ఉంటాయి సార్. కొట్టెయ్యాలనుకుంటే కొట్టెయ్యండి. దానికి ఇన్ని ప్రశ్నలెందుకు?"

ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. 'ఇద్దరికి' అన్న మాట కొట్టేసి, పైన 'ముగ్గురికి' అని రాశాడు. కింద ఖాళీ చోట ఇంకో వరుస చేర్చాడు: 'నాలుగేళ్ళకి కొత్త కంప్యూటర్ కావాలి. ఏటా కొంత పక్కన పెట్టాలి. దరఖాస్తులో ఇది మరిచారు.' సంతకం చేసి ఆమె ముందుకి జరిపాడు.

ఆమె కాగితం రెండుసార్లు చదివింది.

పెద్దాయన సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"ఇందులో చేరాలంటే ఫారమేమైనా నింపాలా?"

"నింపాలి సార్." ఆమె గబగబా సొరుగు తెరిచింది. "ఎవరికోసం, మీ బంధువులెవరికైనా?"

"నాకేనమ్మా."