పనిలో ఉన్నట్టు కాగితం

రండప్పా రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఓ జీవమ్మా, నీ కోడలి సంగతి రేపు చెప్పుకుందువు గానీ, ఈ కాసేపు నోటికి తాళం వెయ్యి. ఆళ్లగడ్డలో ఒక సంతకం ఎంత పని చేసిందో చెప్తాను, వినండి.

ముబశ్శిరా టీచరు చేతిలో కాగితంతో అజయ్ కుమార్ బల్ల ముందు నిలబడింది. ఆ ప్రైవేటు బడికి ఆయనే యజమాని. ఆమెకన్నా ఏడాదిన్నర చిన్నవాడు, కానీ కుర్చీ పెద్దది. ఆమె టెరిటోరియల్ ఆర్మీలో ఆఫీసరు కావాలనుకుంది. అది ఉన్న పని వదిలేసి చేరే పటాలం కాదు. ఏడాదికి రెండు నెలలు యూనిఫాం, మిగతా పది నెలలు ఎవరి పని వాళ్లది. అందుకే చేతిలో సంపాదన ఉన్నవాళ్లనే తీసుకుంటారు. డిగ్రీ ఉండాలి, రాతపరీక్ష, ఇంటర్వ్యూలు, మెడికల్ దాటాలి. దరఖాస్తు పెట్టేనాటికి నలభై రెండేళ్లు నిండి ఉండకూడదు. పనిలో ఉన్నట్టు, తమకు అభ్యంతరం లేనట్టు యజమాని సంతకం పెట్టాలి.

అజయ్ కుమార్ కాగితం చదివి, పక్క గదిలో టీచర్లకు వినబడేలా నవ్వాడు.

"చాక్‌పీసు పట్టే చేతికి తుపాకీ యాడ ఒదుగుతాదమ్మా? సరేలే, వచ్చే నెల రా. పెడతా."

"వచ్చే నెలకు నాకు నలభై రెండు నిండుతాయి సార్."

"అందుకే గదమ్మా, వచ్చే నెల అంటాండా."

పక్క గదిలో వాళ్లు కూడా నవ్వారు. ముబశ్శిరా కాగితం మడిచి, చేతిలోని చాక్‌పీసు ఆయన బల్ల మీద పెట్టి బయటికొచ్చేసింది.

రెండో రోజుకల్లా బడి గేటుకు సూటిగా ఎదురుగా ఉగ్గాని బజ్జీల బండి లేచింది. వాళ్లమ్మ హమీదాబీ బొరుగులు నానబెడుతుంటే, టీచరు మిరపకాయలు చీల్చేది. ఒక్కో కాయనూ నిలువునా చీల్చేటప్పుడు అజయ్ కుమార్ ముఖాన్నే తలచుకునేది. సొంత వ్యాపారం చేసేవాళ్లకు యజమాని సంతకంతో పనిలేదు. నంద్యాలకు పోయి నోటరీ దగ్గర స్టాంపు కాగితం రాయించుకుని, గడువు లోపలే దరఖాస్తు పెట్టేసింది.

ఇక ఆ బజ్జీల ఘాటు మాత్రం నేను చెప్తే మీరు నమ్మాలి. బెలుం గుహల అడుగున ఉన్న టూరిస్టులు తుమ్మారు. చాగలమర్రి బస్సు డ్రైవర్లు స్టాపు లేకపోయినా బ్రేకు వేశారు. గాలి ఎటు వీస్తుందో చూసి మరీ ఆమె పొయ్యి తిప్పి పెట్టేది, పొగ నేరుగా అజయ్ కుమార్ కిటికీలోకి పోయేటట్టు. ఇంటర్వెల్లుకు బయటికొచ్చిన పిల్లలు మళ్లీ లోపలికి పోలేదు. బజ్జీని నాలుగు ముక్కలు చేసి ఆమె అక్కడే భిన్నాలు చెప్పేది. పిల్లల వెనక టీచర్లు వచ్చారు, టీచర్ల వెనక వాచ్‌మన్ వచ్చాడు. ఏడాది తిరిగేసరికి బడి మూతపడి, దాని ఆటస్థలంలో బండికి వచ్చేవాళ్లు మోటార్‌సైకిళ్లు నిలుపుకుంటున్నారు.

అదే సమయంలో ముబశ్శిరాకు పిలుపు కూడా వచ్చింది. ఇంటర్వ్యూలో పెద్దాఫీసర్లు ఆమెను, మనుషుల్ని ఎట్లా నడిపిస్తావని అడిగారట. పది నిమిషాల ఇంటర్వెల్లులో మూడువందల మంది ఆకలిగొన్న పిల్లల్ని తోపులాట లేకుండా వరసలో నిలబెడతానని చెప్పిందట. ఇక వాళ్లు వేరే ప్రశ్న వెయ్యలేదు.

భుజాన నక్షత్రాలతో ఆమె ఫ్లెక్సీ నాలుగు రోడ్ల దగ్గర లేచింది. అజయ్ కుమార్ దాని కింద చాలాసేపు నిలబడ్డాడు. మరుసటి రోజు కాగితం పట్టుకుని బండి దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, నేను గూడా దరఖాస్తు పెడ్తాండా. బడి ల్యాకపాయె. మీ కాడ పని చేస్తాండానని ఒక సంతకం పెట్టండమ్మా."

"చాక్‌పీసు పట్టిన చేతికి జల్లిగంటె యాడ ఒదుగుతాది సార్?"

ఆయన తల దించుకున్నాడు. అబద్ధపు సంతకం తాను పెట్టనని, తాను ట్రైనింగుకు పోయి వచ్చేదాకా ఆ రెండు నెలలు ఆయన బండి నడిపితే నిజంగానే పెడతానని ఆమె చెప్పింది. దరఖాస్తుకు ఇంకా మూడు నెలలు గడువుంది కదా అని అజయ్ కుమార్ ఒప్పుకున్నాడు.

రెండు నెలలు చేతులు కాల్చుకున్నాడు. మధ్యలో తన పుట్టినరోజు వస్తే, వచ్చిన వాళ్లందరికీ తలా ఒక బజ్జీ ఊరికే పంచాడు కూడా.

ముబశ్శిరా యూనిఫాంలోనే బండి ముందు దిగింది. అజయ్ కుమార్ జల్లిగంటె పట్టిన చేత్తోనే సెల్యూట్ కొట్టి, కాగితం చాపాడు. ఆమె మారుమాట లేకుండా సంతకం పెట్టింది. తేదీ వేసింది.

"ఇంగ మీ పుట్టిన తేదీ గడి గూడా నింపండి సార్."

ఆయన పెన్ను తీసుకుని రెండంకెలు వేశాడు. అంతే, చెయ్యి ఆగిపోయింది.

"పదకొండేండ్లు మీ కేకుకు చందా ఇచ్చినదాన్ని, తేదీ మర్చిపోతానా? పోయిన ఆదివారానికి మీకు నలభై రెండు నిండినాయి. అందుకే గదా సార్, రెండు నెల్లు అంటి."

బజ్జీ నములుతున్న ఆటో ఏసయ్య, అరవై దాటినవాడు, ముందుకొచ్చి లెఫ్టినెంటుకు ఫిర్యాదు చేశాడు.

"అదంతా మీ మీ గొడవలే గానీ మేడమ్, ఈ సారు బజ్జీ ఇచ్చే ముందర హాజరు పిలుస్తాండాడు. నిన్న నేను రాల్యాదని, రేపు మా నాయన్ను పిల్చకరమ్మంటాండాడు. ఆయన పోయి ఇరవై ఏండ్లాయె, మీరన్నా ఒక సెలవు చీటీ రాసియ్యండి."