లిడియా నంబరు

"ఈ ఫోటోలో ఉన్నది మీ అమ్మాయేనా మేడమ్? తొందరేం లేదు, బాగా చూసి చెప్పండి," అన్నాడు బ్రాంట్.

ఆర్లిస్ కాఫీ కప్పు పక్కకు జరిపి ఫోటో అందుకుంది. టర్కీ కోళ్ల ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన గుర్తింపు కార్డది. నల్లని జుట్టు, చామనఛాయ ముఖం. కింద లిడియా ట్వెట్ అని పేరు.

"మా లిడియానే."

"మీరేమో ఇంత తెల్లగా ఉన్నారు..."

"వాళ్ల నాన్న పోలిక. ఆయన్నీ అడుగుతారా? పోయి పన్నెండేళ్లయింది."

బ్రాంట్ నవ్వలేదు. దొంగిలించిన గుర్తింపు నంబర్ల ఆచూకీ తీయడం అతని ఉద్యోగం.

"అయిదేళ్ల కిందట ఒక పిల్లల ఆసుపత్రి పాత రికార్డులన్నీ కంప్యూటర్లోంచి ఎత్తుకుపోయారు. తొమ్మిది వేలమంది పిల్లల సోషల్ సెక్యూరిటీ నంబర్లు. ఆ నంబరు లేనిదే ఎవరూ పనివ్వరు కాబట్టి, కాగితాలు లేకుండా దేశంలోకి వచ్చినవాళ్లకు అమ్ముతున్నారు. మీ అమ్మాయి నంబరూ అందులో ఉంది."

"మొక్కజొన్న కొట్టుకే మేం రెండు తాళాలు వేస్తాం. పిల్లల వివరాలకి ఒక్కటీ వేయలేకపోయారా?"

"నన్నడిగితే ఏం చెప్పను? ఆమె మీ అమ్మాయి కాదని ఒక్క మాట చెప్పండి చాలు. రేపు పొద్దున్నే గేటు దగ్గర పట్టుకుంటాం. ముందు జైలు, తర్వాత దేశం దాటించేస్తారు."

"మా అమ్మాయేనని చెప్పానుగా."

"మీతో మాట్లాడుతుందా?"

"లేదు."

"గొడవా?"

ఆర్లిస్ కిటికీలోంచి బయటికి చూసింది. "దాని గొంతు విని చాలా ఏళ్లయింది."

ఆ ఫ్యాక్టరీ సంగతి ఆమెకు తెలిసింది కూడా మూడేళ్ల కిందటే, అక్కడి జీతం మీద పన్ను గురించి పన్నుల ఆఫీసు నుంచి లిడియా పేరున ఉత్తరం వచ్చాక. ఆ ఉత్తరం పట్టుకుని, నాలుగు గంటలు కారు నడిపి, కడిగిపారేద్దామనే వెళ్లింది. షిఫ్టు దిగి ఆ పిల్ల వాచిన వేళ్లు రుద్దుకుంటూ గేటు దాటింది. వెనకనుంచి ఎవరో "లిడియా!" అని కేకేశారు. తిరిగి చూసి నవ్వింది. ఆర్లిస్ కారు దిగలేకపోయింది. అప్పటినుంచి ఏటా లిడియా పుట్టినరోజున వెళ్లి, దూరంనుంచి చూసి వచ్చేస్తోంది.

బ్రాంట్ కాగితం ముందుకు తోశాడు. "ప్రమాణం చేసి ఇస్తున్న వాంగ్మూలం ఇది. అబద్ధమని తేలితే మీకు జైలు తప్పదు మేడమ్."

"పెన్ను ఇటివ్వండి."

సంతకం చేసింది.

"ఇకనైనా ఆ నంబరు జాగ్రత్త," గుమ్మంలో టోపీ పెట్టుకుంటూ అన్నాడు బ్రాంట్. "ఎవరడిగినా చెప్పొద్దు."

"నా ప్రాణం పోయినా చెప్పను."

అతని కారు లేపిన దుమ్ము కంకర రోడ్డు మీద పూర్తిగా అణిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది.

లిడియా ఆరేళ్లకే చనిపోయింది.