అడుగుదాకా దిగిన బెల్టు

తైవాన్‌లోని తైచుంగ్‌లో మా లేత్ షాపు గుంతలో, యంత్రాల్ని చల్లబరిచే కూలెంట్ నీళ్ల మీద నూనె తేలి, పనివాళ్ల చేతుల నిండా దద్దుర్లు లేచాయి. ఆ నూనె తీసే యంత్రం డిస్కుదా, బెల్టుదా, ఏది కొనాలో తేల్చమని ఓనర్ కున్‌షాన్ నన్ను పురమాయించాడు. తేలే నూనె సంగతి తేల్చడం తేలికే అనుకున్నాను.

"డిస్కు పైపైనే తిరుగుతుందన్నా. బెల్టయితే అడుగుదాకా దిగుతుంది," అన్నాను.

"అయితే ట్రయల్‌కి తెచ్చిన ఆ బెల్టుదే తిప్పి చూడు. దానిమీద చిరుతిండి ప్యాకెట్టు పెట్టావా? ఆకుపచ్చదేనా?"

"కొట్లో పసుపుదే దొరికింది." యంత్రం మొరాయించకుండా దానిమీద ఆ ప్యాకెట్టు పెట్టడం ఇక్కడివాళ్ల నమ్మకం.

"ఓరి మొద్దూ! ఆకుపచ్చదైతేనే కదరా యంత్రం మాట వినేది! ఉండు, నేను తెస్తా. నూడుల్స్ కూడా తెస్తాలే."

దొంగల భయంతో, నేను లోపలుండగానే అలవాటుగా బయటినుంచి షట్టర్‌కు తాళం వేసి పోయాడు.

బెల్టు నూనె పూసుకుని పైకొస్తోంది. రేకు దాన్ని గీకి డబ్బాలో పోస్తోంది. ఒక చుట్టులో మాత్రం బెల్టు తుడిచినంత శుభ్రంగా వచ్చింది. గుంతలో నూనె అలాగే ఉంది. తర్వాతి చుట్టులో నూనె వచ్చింది. దాని మీద నాలుగు వేళ్లు జారిన గీతలు.

స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా పీకాను. బెల్టు ఆగింది. కున్‌షాన్‌కు ఫోన్ చేశాను.

"అన్నా, తాళం తియ్!"

"అంత ఆకలేంట్రా? ఇంకా నూడుల్స్ కొట్టు లైన్లోనే ఉన్నా," అని నవ్వి పెట్టేశాడు.

డిస్కు అయితే పైపైనే తిరిగేది. అడుగుదాకా తాడు వేసింది నేనే. ఇప్పుడు ఆ బెల్టు బిగుసుకుని, కాస్త వదులై, మళ్లీ బిగుసుకుంటోంది, ఎవరో దాన్ని పట్టుకుని ఒక చెయ్యి తర్వాత ఇంకో చెయ్యి వేసుకుంటూ పైకి ఎక్కుతున్నట్టు.