మల్లికార్జునయ్య గ్రంథాలయ సేవ

రాప్తాడు పక్కన మా ఊళ్ళో సర్కారు గ్రంథాలయమంటే మల్లికార్జునయ్య సెట్టి అంగట్లో ఒక చెక్క బీరువా. దాని తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. ఆ పుస్తకాల్లో చేపల పెంపకం మీద కూడా ఒకటి వచ్చిందట. మేమా, చేపను పంచాంగంలో మీనరాశిలో తప్ప చూసినోళ్ళం కాదు! అట్లాంటి సర్కారు యాభై ఎనిమిదిలో ఒక ఆఫీసరునూ పంపింది.

"చదివేవాళ్ళు లేకుంటే బీరువా అనంతపురానికి తీసుకుపోతాను" అన్నాడాయన.

గ్రంథాలయ పోషకుడనే పేరు ఊడిపోతుందని సెట్టికి చెమటలు పట్టినాయి. ఉప్పు కొనను వచ్చిన కూలీ యేసన్నను రెక్క పట్టి ముందుకు లాగినాడు.

"వీడు రోజూ చదువుతాడు సార్!"

యేసన్న మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివినోడే. అవునని తలూపితే చాలని సెట్టి లెక్క.

ఆఫీసరు అంతటితో వదల్లేదు. గుండెకు గదులెన్నని అడిగితే యేసన్న నాలుగన్నాడు. రాణి తేనెటీగ గుడ్ల సంగతి చెప్పినాడు. చంద్రుడి మీద గాలి లేదన్నాడు. సెట్టి మీసం దానంతటదే పైకి లేచింది.

"భలే! చెనిక్కాయ చేనుకు తెగులొస్తే మందేమప్పా?"

"తెగులు పేరు దాకా చదివినా సార్. మందుండే కాగితం ఇంకెవరింటికో పోయిండాది."

"పుస్తకం చించిందెవరు?"

యేసన్న నొచ్చుకున్నాడు.

"సెట్టిని ఏమీ అనొద్దు సార్. బీరువాలో దాచుకోకుండా ఊరంతా పంచినాడు. ఉప్పు కొన్నోళ్ళకు ఒక కాగితం, బెల్లం కొన్నోళ్ళకు రెండు."