మరోసారి గారు

"అమ్మా, ఆ రోలర్ సందు సంగతి మరోసారి చెప్తారా?"

ట్రైనింగ్ మేడమ్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. ఆరో క్లాసు మొదలై పది నిమిషాలు కాలేదు, అప్పుడే ఇది మూడోసారి.

తెర మీద నలభై పేర్లున్నాయి. ముప్ఫై తొమ్మిది పేర్లు నోరు విప్పవు. ఈ ఒక్కటీ నోరు మూయదు. కెమెరా ఉండదు, ముఖం కనపడదు, గొంతొకటే వినపడుతుంది. ఆయనకి ఆమె మనసులోనే 'మరోసారి గారు' అని పేరు పెట్టేసింది.

అందరూ ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ వాళ్లు. ఆ ప్యాకింగ్ పని ఎత్తేస్తున్నారు. పెట్టెలు తయారుచేసే పెద్ద మిషన్ నడపడం నేర్చుకుంటేనే ఇక ఉద్యోగం. పన్నెండు ఆన్‌లైన్ క్లాసులు, చివర పరీక్ష. తప్పితే ఇంటికే. ఐదు క్లాసులు ఎగ్గొట్టినా ఇంటికే.

పాఠాలు తయారుచేసింది మేడమే. నిజం చెప్పాలంటే, ఆ మిషన్‌ని ఆవిడ కళ్లతో చూసిందే లేదు. మిషన్ పక్క బీరువాలో దొరికిందంటూ ఆఫీసు వాళ్లు ఒక పాత నోటుబుక్కుని ఫొటోలు తీసి పంపారు. నిండా నూనె మరకలు, ఆకుపచ్చ సిరా. పేరు లేదు గానీ, విషయం మాత్రం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది.

"రోలర్ల మధ్య ఒక అట్ట మందం సందు ఉంచాలి. రాసుకున్నారా?"

"రాసుకున్నామమ్మా. మరి అట్టకి చెమ్మ పట్టి ఉంటే?"

"అది పాఠంలో ఉందండీ! మూడో పేజీ!"

"ఉందమ్మా, ఉంది. మీ నోటితో మరోసారి చెప్తే..."

మేడమ్ ఒక్క నొక్కు నొక్కింది. ముప్ఫై తొమ్మిది పేర్లు మిగిలాయి. మళ్లీ లోపలికి రాకుండా గడియ కూడా పెట్టేసింది.

సాయంత్రం ఆయన ఫోన్ చేశారు. ఎత్తలేదు. మర్నాడూ చేశారు, ఎత్తలేదు. మూడో రోజు ఫోన్ రాలేదు. పీడ విరగడైందనుకుంది మహాతల్లి!

ఇక క్లాసులు హాయిగా సాగిపోయాయి.

"సందేహాలున్నాయా?"

"లేవు మేడమ్."

రిపోర్టులో 'సందేహాలు సున్నా' అని మురిసిపోతూ రాసింది. హాజరు పట్టీలో ఆయన పేరు పక్కన మాత్రం వరసగా ఆరు 'గైర్హాజరు'లు పడ్డాయి. చూసింది. చూసి, అలాగే పంపేసింది.

పరీక్ష ముప్ఫై తొమ్మిది మంది రాశారు. ఆరుగురు పాసయ్యారు.

మేడమ్ తప్పినవాళ్లని లెక్కపెట్టింది. ముప్ఫై మూడు ఇళ్లు! మేనేజర్‌ని బతిమాలి పదిహేను రోజుల గడువు తీసుకుని, తెల్లారగానే బస్సెక్కి ఫ్యాక్టరీకి పరిగెత్తింది.

ప్యాకింగ్ షెడ్డులో ఒకావిడ పెట్టెలకి టేపు అంటిస్తోంది. పాసైన ఆరుగురిలో ఒకతె.

"అర్థం కాకపోతే అడగొచ్చు కదమ్మా! ఒక్కరైనా నోరు విప్పారా?"

"ఎలా అడుగుతాం మేడమ్? కొత్త మేనేజర్ సారు క్లాసుల రికార్డింగులు వినేవారాయె. అడిగినవాళ్లకి పని రాదని రాసుకుంటారని భయం. మా సందేహాలన్నీ టీ టైములో పెద్దాయనకి చెప్పుకునేవాళ్లం. 'నేనడుగుతాలే, నాకేం సిగ్గు? ఒకరిద్దరికి నేను చెప్పే బదులు మేడమ్ చేత చెప్పిస్తే నలభై మందీ వింటారు' అనేవారు."

"ఏ పెద్దాయన?"

అడిగింది గానీ, జవాబు అప్పటికే తెలిసిపోయింది.

"మీరు బయటికి పంపేశారే, ఆయనే." ఆవిడ గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది.

"ఆ తర్వాత టీ బల్ల దగ్గర ఆయన చెప్పిందే మాకు క్లాసు. పాసైన ఆరుగురం ఆ బల్ల దగ్గరివాళ్లమే."

"ఎక్కడున్నారాయన? పిలవమ్మా. కాళ్లు పట్టుకునైనా..."

"పోయిన వారమే తీసేశారు మేడమ్. ఆరు క్లాసులకి రాలేదని మీ పట్టీలో ఉందట. మీకు ఫోన్ చేశానని చెప్పుకున్నారు, ఎవరు వింటారు? ఆ ఫోన్ నంబరూ పలకడం లేదు, మనిషీ ఊళ్లో లేరు."

ఇక మిగిలినవాళ్లనైనా కాపాడుకోవాలి కదా! మేడమ్ ఫోన్ తీసి ఆ నోటుబుక్కు ఫొటోలు తెరిచింది.

"నేను ఇక్కడే ఉండి నేర్పిస్తానమ్మా. ఇదిగో, మొదటి పేజీ నుంచి మరోసారి."

ఆవిడ టేపు పక్కనపెట్టి ఫోన్ మీదికి వంగింది. ఆకుపచ్చ అక్షరాలు చూసి కళ్లు పెద్దవి చేసింది.

"ఇది మీ దగ్గరికెలా వచ్చింది మేడమ్? నడుము దెబ్బతిని మా ప్యాకింగ్ పనిలోకి రాకముందు ఇరవై ఏళ్లు ఆ మిషన్ నడిపింది మా పెద్దాయనే, ఇది ఆయన చేతిరాత!"