జెర్రిపోతు

వంటింటి గట్టు కింద పాము కనబడగానే మామగారు కర్ర అందుకున్నారు. అత్తగారు సామాన్ల గదిలోకి పరుగెత్తి తలుపేసుకుంది.

“ఆగండి మామయ్యా, అది జెర్రిపోతు. పడగ లేదు, విషమూ లేదు. ఎలుక కోసం వచ్చింది” అంటూ కోడలు పెరటి తలుపు తీసింది. పాము తన దారిన పోయింది.

అత్తగారి పిరికితనానికి కోడలికి ఒళ్ళు మండింది. వెళ్ళి తలుపు తట్టింది.

“ఆ నోరులేని జీవానికి ఇంత వణుకా అత్తయ్యా? పసిపిల్లలు నయం. అది పోయింది, రండి.”

“పాముకు కాదమ్మా” అంది అత్తగారు లోపలి నుంచే. “ఆయన కర్ర కింద పెట్టారా?”

కోడలు వెనక్కి తిరిగింది. మామగారు చూపు తప్పించారు గానీ కర్ర వదల్లేదు.

“పాము పోయిందిగా మామయ్యా, ఇంకా ఎవరి కోసం పట్టుకున్నారు?” అంటూ చెయ్యి చాచింది.